‘తదితరులు’ ఎవరు? – జిల్లా పుటల్లో సాహిత్యవార్త: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జిల్లాలలో, మండలాలలో జరిగే సాహిత్య కార్యక్రమాలకు మిగిలే లిఖిత ఆధారం చాలా సందర్భాలలో స్థానిక పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాల వార్త ఒక్కటే. ఆ వార్తను విలేకరి రాసినట్లు కనిపించినా, దాని మూలపాఠాన్ని సాధారణంగా సాహిత్య సంస్థలూ తెలుగు శాఖలూ పంపే పత్రికా ప్రకటనలే సమకూరుస్తున్నాయి. సాహిత్యవార్త పేలవంగా ఉన్నదన్న ఫిర్యాదులో మన బాధ్యత ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాహిత్యవార్త భాషను ఒక పాఠంగా విశ్లేషించి, పత్రికలకూ సాహిత్యకారులకూ మధ్య గతంలో నడిచిన సంబంధాలతో పోల్చి, ఆరోగ్యకరమైన పని సంబంధానికి ఆచరణయోగ్యమైన సూత్రాలను ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: స్థానిక పత్రికలు, సాహిత్యవార్త, పత్రికా ప్రకటన, జిల్లా పుటలు, విలేకరి, సాహిత్య చరిత్ర ఆధారాలు.

1. ప్రవేశిక

సాహిత్య సభ ముగిసిన మరునాడు ఉదయం నిర్వాహకులు మొదట చేసే పని పత్రిక తిరగేయడం. వార్త వచ్చిందా, ఫోటో వచ్చిందా, తమ పేరు సరిగా పడిందా అని చూసుకుంటారు. వస్తే కత్తిరించి దస్త్రంలో పెట్టుకుంటారు, రాకపోతే విలేకరికి ఫోన్ చేస్తారు. వచ్చిన వార్తలో సభలో జరిగిన చర్చ ఉన్నదా లేదా అని చూసేవారు తక్కువ. ఈ అలవాటే స్థానిక పత్రికలతో మన సంబంధాన్ని నిర్ణయిస్తున్నది. దీనిలో వార్త ఉనికికి ఉన్న విలువ దాని సారానికి లేదు.

ఇది కేవలం ప్రచారానికి సంబంధించిన విషయం కాదు. ఒక ప్రాంతపు సాహిత్య చరిత్ర రాయదలచిన పరిశోధకునికి సంస్థల వార్షిక నివేదికలు దొరకవు, సభల ధ్వనిముద్రణలు దొరకవు. దొరికేవి పత్రికా ఖండికలే. కాబట్టి ఈనాటి సాహిత్యవార్త రేపటి చరిత్రకు ముడిసరుకు. అది తప్పుగా ఉంటే చరిత్ర కూడా తప్పుతుంది. ఈ కోణంలోనే స్థానిక పత్రికలతో పని సంబంధం అన్న విషయాన్ని ఇక్కడ చర్చిస్తున్నాను.

2. పూర్వరంగం: మూడు రకాల సంబంధాలు

తెలుగు సాహిత్యమూ తెలుగు పత్రికా కలిసి పెరిగినవే. అయితే వాటి సంబంధం అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. ప్రధానంగా మూడు నమూనాలను గుర్తించవచ్చు.

మొదటిది అభేద సంబంధం. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని ప్రారంభించినప్పుడు రచయిత, సంస్కర్త, సంపాదకుడు ఒక్కరే. రాజమండ్రిలోని అవినీతిని, సాంఘిక దురాచారాలను ఆయన తన పత్రికలోనే ఎండగట్టారు. పత్రికను ఒప్పించవలసిన అవసరం రచయితకు లేదు, ఎందుకంటే పత్రిక ఆయనదే. దీని బలం స్వేచ్ఛ. పరిమితి కూడా అందులోనే ఉంది. తనతో విభేదించేవారికి మరొక పత్రిక కావలసివస్తుంది.

రెండవది సంభాషణ సంబంధం. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేవరకు సంపాదకత్వం వహించారు. ఆ కార్యాలయంలో జరిగే ‘దర్బారు’ గోష్ఠులు ప్రసిద్ధమైనవి. కవులు, కళాకారులు, విమర్శకులు అక్కడికి వచ్చేవారు. అటువంటి చోట సంపాదకునికి సాహిత్యం ప్రకటనల రూపంలో కాక మాటల రూపంలో అందుతుంది. ఏది ముఖ్యమో ఎవరూ చెప్పకుండానే తెలిసే వీలు ఆ సాంగత్యంలో ఉంది.

మూడవది సేకరణ సంబంధం. దీనికి అత్యుత్తమ ఉదాహరణ గోలకొండ పత్రిక. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ఈ పత్రిక మొదలైంది. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులకు చోటు దక్కింది. ఈ సంఖ్యను సాధారణంగా ఆత్మగౌరవ ప్రకటనగానే ఉటంకిస్తాము. కాని ఒక పత్రిక మారుమూల ఊళ్లలోని కవులను చేరుకోగలిగిన తీరుకు కూడా అది సాక్ష్యం. పత్రిక అడిగింది, కవులు స్పందించారు, సంపాదకుడు పేరుపేరునా నమోదు చేశారు. వాదానికి ప్రతివాదంగా ఆయన ఎంచుకున్నది విశేషణాలను కాదు, వివరాలను. ఈ సంచికలో ‘తదితరులు’ అన్న మాటకు అవకాశం లేకపోవడమే దాని చారిత్రక విలువకు మూలం.

3. జిల్లా పుట ఆవిర్భావం

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టడంతో తెలుగు పత్రికారంగ స్వరూపం మారింది. తరువాత ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. రాష్ట్ర స్థాయి పుటలో చోటు దొరకని మండల వార్తకు చోటు దొరికింది. పత్రిక చదివేవారి సంఖ్యతో పాటు పత్రికలో తమ పేరు చూసుకునేవారి సంఖ్యా పెరిగింది.

ఈ వ్యవస్థ శక్తి ఏమిటో సారా వ్యతిరేకోద్యమం చూపింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకున్న స్త్రీలు వాచకంలోని పాఠాన్ని తమ బతుకుకు అన్వయించుకొని దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం సుప్రసిద్ధం. 1992లో ఉద్యమం ఊరూరికీ పాకడంలో ఈనాడు ఇచ్చిన విస్తృత ప్రాచుర్యానికి గణనీయమైన పాత్ర ఉంది. ఒక ఊరి వార్త మరొక ఊరికి ప్రేరణ అయింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు.

ఈ ఉదంతం మన చర్చకు రెండు విధాల ఉపకరిస్తుంది. ఒకటి, మామూలు వార్తల్లో ‘మహిళలు’ అన్న బహువచనంలో కలిసిపోయే వ్యక్తులకు అక్కడ పేరూ ఊరూ దక్కాయి. రోశమ్మ తన ఊరి పేరుతో దూబగుంట రోశమ్మగా చరిత్రలో నిలిచారు. రెండు, పత్రిక ఆసక్తి శాశ్వతం కాదు. ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు పుటలు నింపిన వార్త, నిషేధం సడలిన తరువాత ఆ స్త్రీల జీవితాలను అదే స్థాయిలో వెంబడించలేదు. కనుక పత్రిక మీద ఆధారపడటం వేరు, పత్రికతో కలిసి పనిచేయడం వేరు.

జిల్లా పుటకు మరొక పరిమితి సరిహద్దు. తెలంగాణలో జిల్లాల సంఖ్య 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పరిపాలన సరిహద్దును వార్తా సరిహద్దు అనుసరిస్తుంది. ఒకే మాండలికం, ఒకే కథాసంప్రదాయం ఉన్న ప్రాంతం వేర్వేరు జిల్లా పుటల మధ్య చీలిపోతే పక్క తాలూకా రచయిత పుస్తకం వచ్చిన సంగతి ఇక్కడి పాఠకునికి చేరదు. సాహిత్య ప్రాంతమూ రెవెన్యూ జిల్లా ఒకటి కావన్న స్పృహ పత్రికకు లేకపోవచ్చు. ఆ స్పృహ కలిగించవలసినది సాహిత్యకారులే.

4. సాహిత్యవార్త: పాఠ విశ్లేషణ

జిల్లా పుటల్లో వచ్చే సాహిత్యవార్తకు స్థిరమైన చట్రం ఏర్పడింది. శీర్షికలో ‘ఘనంగా’ అన్న క్రియావిశేషణం ఉంటుంది. మొదటి వాక్యంలో ముఖ్య అతిథి పేరు, హోదా, ఆయన ఇచ్చిన సందేశం ఉంటాయి. ఆ తరువాత అధ్యక్షుడు, విశిష్ట అతిథులు. చివర ‘తదితరులు పాల్గొన్నారు’ అన్న ముక్తాయింపు. ఈ చట్రంలోని మూడు లక్షణాలు విమర్శకుని దృష్టిని ఆకర్షిస్తాయి.

4.1 క్రియల ఏకరూపత: ‘అన్నారు’, ‘పేర్కొన్నారు’, ‘కొనియాడారు’, ‘పిలుపునిచ్చారు’ అన్న నాలుగు క్రియలతో దాదాపు మొత్తం సాహిత్యవార్త నడుస్తుంది. ‘ప్రశ్నించారు’, ‘విభేదించారు’, ‘సవరించారు’, ‘సందేహం వెలిబుచ్చారు’ అన్నవి అరుదు. సదస్సులో వాదోపవాదాలు జరిగినా వార్తలో ఏకాభిప్రాయమే మిగులుతుంది. ఈ వార్తలు మాత్రమే ఆధారంగా ఒక జిల్లా సాహిత్య జీవితాన్ని పునర్నిర్మిస్తే, అక్కడ ఎవరూ ఎవరితోనూ విభేదించలేదన్న అసత్య నిర్ధారణకు వస్తాము.

4.2 గ్రంథం లేని గ్రంథావిష్కరణ: పుస్తకావిష్కరణ వార్తలో ఆవిష్కర్త ఉంటారు, వేదిక ఉంటుంది, ఫోటో ఉంటుంది. పుస్తకం కథాసంపుటమా, కవిత్వమా, ఎన్ని రచనలున్నాయి, దేని గురించి రాశారు, ఎక్కడ దొరుకుతుంది అన్నవి తరచు ఉండవు. రచయిత పేరు కూడా మూడో వాక్యంలోకి జారిపోతుంది. ఫోటోలో సైతం పుస్తక ముఖచిత్రం కన్నా దానిని పట్టుకున్న చేతులే ఎక్కువ కనిపిస్తాయి.

4.3 ‘తదితరులు’: ఇది వ్యాకరణపరంగా నిరపాయకరమైన పదం. ఆచరణలో అది ఒక వడపోత. పేర్లు హోదా క్రమంలో నడుస్తాయి కాబట్టి వడపోతలో పోయేది చివరివారే. పత్రసమర్పణ చేసిన పరిశోధక విద్యార్థి, కవిత చదివిన అంగన్‌వాడీ కార్యకర్త, ఒగ్గుకథ చెప్పడానికి పిలిపించిన కళాకారుడు అక్కడే ఉంటారు. సభకు సారం సమకూర్చినవారు ‘తదితరులు’ అవుతారు. సభకు హోదా సమకూర్చినవారికి పేర్లుంటాయి. ఆధిపత్యం గురించి సదస్సుల్లో పత్రాలు చదివే మనం, అదే సదస్సు వార్తలో ఆధిపత్య క్రమాన్ని యథాతథంగా పాటిస్తున్నాము.

5. కారణాలు: లోపం ఎక్కడ?

ఈ పాఠాన్ని చూసి విలేకరిని నిందించడం సులభం. కాని వార్త తయారయ్యే క్రమాన్ని గమనిస్తే బాధ్యత వేరే చోట కూడా కనిపిస్తుంది.

మండల స్థాయిలో వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో చాలామంది నెలజీతం ఉన్న ఉద్యోగులు కారు. అచ్చయిన వార్త కొలతను బట్టి వారికి స్వల్ప మొత్తం దక్కుతుంది. ప్రకటనలు సేకరించే బాధ్యతా వారిమీదే ఉంటుంది. ఒకే రోజు ప్రమాదం, ధర్నా, మంత్రి పర్యటన, ధాన్యం కొనుగోలు కేంద్రం సమస్య చూడవలసిన వ్యక్తి రెండు రోజుల సదస్సులో కూర్చోలేడు. ఆయన అడిగేది ప్రెస్ నోట్. దాన్ని ఇచ్చేది మనం.

మన ప్రెస్ నోట్ ఎలా ఉంటుంది? మొదటి పేరా అంతా అతిథుల పేర్లూ పదవులూ. రెండవ పేరా స్వాగతం, జ్యోతి ప్రజ్వలన. సదస్సు విషయం చివరి పేరాలో. జిల్లా డెస్క్‌లో స్థలం చాలకపోతే ఉపసంపాదకుడు కింది నుంచి కత్తిరిస్తాడు. ఇది వృత్తి నియమం. ముఖ్యమైనది ముందు వస్తుందని, చివరిది వదులుకోదగినదని ఆయన భావిస్తాడు. మనం సారాన్ని చివర పెట్టాము కాబట్టి మన సారమే కత్తెరకు బలవుతుంది. పత్రిక సాహిత్యాన్ని చిన్నచూపు చూసిందని మనం అనుకునే చాలా సందర్భాలలో, చిన్నచూపు మన ప్రకటనలోనే మొదలైంది.

ఇక్కడ స్వానుభవాన్ని ప్రస్తావించక తప్పదు. కొన్నేళ్ల కిందట ప్రాంతీయ కథాసాహిత్యంపై జరిగిన ఒక సదస్సుకు పత్రికా సమాచార బాధ్యత నాకు అప్పగించారు. పని తేలిక చేసుకుందామని ముందురోజు రాత్రే ప్రకటన రాసిపెట్టాను. కీలకోపన్యాసకులు ఏమన్నారో కూడా ఊహించి నాలుగు వాక్యాలు రాశాను. మరునాడు రైలు ఆలస్యమై ఆయన రాలేదు. ఆయన స్థానంలో ఒక జూనియర్ లెక్చరర్ లేచి నేత కార్మికుల కథల్లోని పనిపదాల గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ రోజు సభలో అందరూ మెచ్చిన ప్రసంగం అదే. అప్పటికే నా ప్రకటన విలేకరుల చేతికి వెళ్లిపోయింది. మార్చమని చెప్పడానికి నేను ఫోన్ చేయలేదు. వార్త వచ్చిందని అందరూ అభినందించారు.

మూడేళ్ల తరువాత ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతిని చూపించారు. అందులో ఆ కీలకోపన్యాసకుని అభిప్రాయంగా నా వాక్యాలు ఉన్నాయి. ఆధారం ఆనాటి పత్రిక. ఆ అభిప్రాయం ఆయనది కాదు, నాది. ఆయన ఆ సభకు రానే లేదు. నిజంగా మాట్లాడిన వ్యక్తి పేరు పత్రికలో ‘తదితరుల’లో సైతం లేదు. విద్యార్థి చేత ఆ భాగం తీయించాను. కాని ఆ వార్త ఇప్పటికీ ఉంది, దాన్ని మరొకరు ఉటంకించవచ్చు. ఇందులో విలేకరి చేసిన తప్పు ఒక్కటే: నన్ను నమ్మడం.

6. సంబంధం పేరిట చలామణి అవుతున్నవి

‘పత్రికలవారితో సంబంధాలు బాగుండాలి’ అన్న మాట సంస్థల సమావేశాల్లో తరచు వినిపిస్తుంది. దాని అర్థం చాలాచోట్ల శాలువా, భోజనం, కవరు. సన్మానం అందుకున్న విలేకరి మరునాటి సభలోని లోపాన్ని రాయలేడు. రాస్తే కృతఘ్నుడన్న నింద వస్తుంది. భారత ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు పాత్రికేయులు కానుకలు స్వీకరించరాదని చెబుతున్నాయి. తీసుకోవడం తప్పయితే ఇవ్వడం కూడా తప్పే.

2009 ఎన్నికల అనంతరం చెల్లింపు వార్తలపై ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. ఆ చర్చ రాజకీయ వార్తల గురించి. కాని ప్రకటన ఇస్తే ప్రత్యేక పుట వస్తుందన్న బేరం సాహిత్య ఉత్సవాలకు కొత్త కాదు. డబ్బుతో వచ్చిన ప్రశంసకూ చదివి రాసిన ప్రశంసకూ తేడా తెలియని స్థితి ఏర్పడితే, నష్టపోయేది నిజంగా మంచి పుస్తకం రాసిన రచయితే.

దీనికి పూర్తి వ్యతిరేక ధోరణి విముఖత. వార్త తప్పుగా వచ్చిందని అలిగి విలేకరులను పిలవడం మానేసిన సంస్థలున్నాయి. ఫేస్‌బుక్, వాట్సాప్, అంతర్జాల పత్రికలు ఉన్నప్పుడు జిల్లా పుట ఎందుకన్న వాదమూ ఉంది. ఆ మాధ్యమాలు సాహిత్యం చదివేవారినే తిరిగి చేరుకుంటాయి. టీ దుకాణంలో, క్షౌరశాలలో, గ్రామ గ్రంథాలయంలో పత్రిక తిరగేసే పాఠకుడు వేరు. తన ఊరిలో ఒక కథకుడున్నాడని అతనికి చెప్పగలిగేది జిల్లా పుట ఒక్కటే. దాన్ని వదులుకోవడం అభిమానం కావచ్చు గాని వివేకం కాదు.

7. పని సంబంధానికి ప్రతిపాదనలు

పై విశ్లేషణ నుంచి ఈ కింది సూత్రాలు తేలుతున్నాయి.

7.1 ముందస్తు సమాచారాన్నీ సభా నివేదికనూ వేరుచేయాలి. ముందు ఇచ్చే కాగితంలో భవిష్యత్కాల క్రియలే ఉండాలి. జరగని సభకు భూతకాలం వాడటం మర్యాద లోపం మాత్రమే కాదు, అసత్యం.

7.2 నివేదిక మొదటి రెండు వాక్యాల్లో సభలో వెలువడిన కొత్త విషయం ఉండాలి. ఎవరు వచ్చారన్నది మూడో వాక్యానికి ఆగగలదు. కింది నుంచి కత్తిరించినా సారం మిగలాలి.

7.3 పుస్తక వివరాలు, వక్తల పేర్లు, ఊళ్లు అక్షరదోషం లేకుండా విడిగా ఇవ్వాలి. పత్రసమర్పకుల జాబితా జతచేయాలి. అన్ని పేర్లూ అచ్చవుతాయన్న హామీ లేదు. కాని మనం పంపిన కాగితంలో ‘తదితరులు’ అన్న పదం ఉండకూడదు. వడపోయడం తప్పనిసరైతే ఆ పని మన చేతులతో జరగనక్కరలేదు.

7.4 విభేదాన్ని దాచకూడదు. ఇద్దరు వక్తలు రెండు మాటలంటే రెండూ రాయాలి. భిన్నాభిప్రాయానికి వార్తావిలువ ఉంటుంది. ఏకగ్రీవ ప్రశంసకు అది ఉండదు.

7.5 డెస్క్ పని వేళలను గౌరవించాలి. రాత్రి పొద్దుపోయాక పంపిన నివేదిక ఎంత బాగున్నా పనికిరాదు. సందేహం వస్తే ఫోన్ ఎత్తి సమాధానం చెప్పగల ఒక్క వ్యక్తి ఉండాలి. చిన్న పత్రికకూ పెద్ద పత్రికకూ ఒకే సమయంలో ఒకే సమాచారం అందాలి.

7.6 వాస్తవ దోషం ఉంటే సవరణ కోరాలి. అభిప్రాయం నచ్చకపోతే కోరకూడదు. మనవల్ల జరిగిన తప్పును మనమే ముందుగా తెలియజేయాలి. ఈ చివరి నియమాన్ని నేను పాటించి ఉంటే పైన చెప్పిన ఉదంతం జరిగేది కాదు.

7.7 సంస్థలు తమ నివేదికను, కార్యక్రమ పత్రాన్ని, వార్తా ఖండికను ఒకచోట భద్రపరచాలి. పరిశోధకులు ఖండికను ఏకైక ఆధారంగా స్వీకరించక, సభలో ఉన్నవారి జ్ఞాపకంతోనో ఆహ్వానపత్రంతోనో సరిచూడాలి. ఆహ్వానపత్రం కూడా వాగ్దానమే తప్ప సాక్ష్యం కాదని మరువరాదు.

7.8 పత్రికారచన పాఠ్యాంశంగా ఉన్న తెలుగు శాఖలు విద్యార్థుల చేత నిజమైన సభలకు నివేదికలు రాయించి, వాటిని స్థానిక విలేకరులతో చర్చింపజేయవచ్చు. దీనివల్ల విద్యార్థికి వార్తారచన, విలేకరికి సాహిత్య పరిచయం లభిస్తాయి. కృష్ణాపత్రిక దర్బారు తిరిగి రాదు గాని, నెలకొక సంభాషణ అసాధ్యం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ఇంత సిద్ధం చేసిన సమాచారం అందిస్తే విలేకరి స్వతంత్ర పరిశీలనకు చోటెక్కడ? ఈ ప్రశ్న న్యాయమైనది. సమాచారం సమగ్రంగా ఇవ్వడం, రాసే తీరును శాసించడం వేరువేరు. మన నివేదికను పక్కనపెట్టి సభలో ఖాళీ కుర్చీల గురించి విలేకరి రాస్తే, ఆ వార్తను కూడా వార్తగానే స్వీకరించగలగాలి. ఆ ఓర్పు లేనిచోట ఉన్నది పని సంబంధం కాదు, పరస్పర మొహమాటం.

8. ముగింపు

జిల్లా పుటల్లోని సాహిత్యవార్త పేలవతకు స్థలాభావం, విలేకరుల పని పరిస్థితులు ఎంత కారణమో, సాహిత్య సంస్థలు పంపే ప్రకటనల స్వరూపమూ అంతే కారణమని ఈ పరిశీలనలో తేలింది. హోదా క్రమాన్ని అనుసరించే మన రచనా పద్ధతే సారాన్ని కత్తెర కిందికి నెడుతున్నది. సన్మానాల మీద, ప్రకటనల మీద నిలిచే సంబంధం పత్రికకూ సాహిత్యానికీ హానికరం. కచ్చితమైన సమాచారం, సకాల స్పందన, విమర్శను సహించే గుణం మీద నిలిచేదే ఉపయోగకరం.

1934లో ఒక పత్రిక 354 మంది కవులను నమోదు చేయగలిగింది. ఆనాటికన్నా సాధనాలు ఇప్పుడు ఎన్నో రెట్లు మెరుగు. మన సభల్లో నిజంగా మాట్లాడినవారి పేర్లనైనా సరిగా నమోదు చేయడం మన చేతిలో ఉన్న పని. నేత కార్మికుల కథల గురించి ఆనాడు ప్రసంగించిన ఆ లెక్చరర్ తన ప్రసంగాన్ని తరువాత వ్యాసంగా రాయలేదు. అందులోని పనిపదాలలో నాకిప్పుడు నాలుగైదు మాత్రమే గుర్తున్నాయి.